వాషింగ్ మెషీన్ కింద నీళ్లు ఎప్పుడు చేరుతున్నాయి?

వాషింగ్ మెషీన్ కింద మడుగు కనిపించగానే ఇంట్లో వాళ్లందరూ వంగి వెతికేది ఒక్కటే, నీళ్లు ఎక్కడి నుంచి కారుతున్నాయని. కంటితో చూసి దానికి జవాబు చెప్పగలగడం అరుదు. మెషీన్ లోపల కారిన చుక్క తిన్నగా కింద పడదు. టబ్బు వంపు వెంట జారి, ఏదో ఒక స్క్రూ దగ్గర ఆగి, అడుగు రేకు అంచు పట్టుకుని పోయి, చివరికి గచ్చు వాలు ఎటుంటే అటు బయటపడుతుంది. ముందువైపు తలుపు దగ్గర రబ్బరు చిరిగితే వెనక గోడ వారన నీళ్లు తేలడం మామూలే. అందువల్ల ముందుగా తేల్చుకోవలసింది నీళ్లు ఎప్పుడు కారుతున్నాయనేది. మెషీన్ ఆపి ఉన్నప్పుడా, నీళ్లు నింపుకునేటప్పుడా, ఉతికేటప్పుడా, మురికి నీళ్లు వదిలేటప్పుడా, బట్టలు పిండేటప్పుడా అన్నది తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఒక్కో దశలో అనుమానించవలసిన భాగాలు రెండు మూడుకు మించవు.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో ఫ్రంట్ లోడ్ మెషీన్ కింద నీళ్లు చేరితే, చూడడానికి వచ్చిన మెకానిక్ వెనకవైపు తడి చూసి షాఫ్ట్ సీలు, అంటే డ్రమ్ము ఇరుసు చుట్టూ నీళ్లు కారకుండా ఆపే రబ్బరు, పోయిందని, టబ్బు మొత్తం విప్పాలని చెప్పాడు. ఖర్చు విని వారం రోజులు వాయిదా వేశాము. ఆ వారంలో మా అమ్మ ఒక సంగతి గమనించింది. ఉతికినంతసేపూ గచ్చు పొడిగానే ఉంటోంది, నీళ్లు వదిలే పంపు చప్పుడు మొదలైన కాసేపటికే తడి కనిపిస్తోంది. మెషీన్ జరిపి చూస్తే, మురికి నీళ్ల పైపు మడతలో ఎలుక కొరికిన చిల్లు, చిటికెన వేలి గోరంత ఉంది. కొత్త పైపు బిగించడానికి పావుగంట పట్టింది.

ముందు కరెంటు సంగతి

గచ్చు మీద నీళ్లు నిలిచి ఉండగా మెషీన్‌ను తాకకూడదు. ప్లగ్గు దగ్గరికి తడిలో నడిచి వెళ్లవలసి వచ్చేటట్టయితే దాని జోలికి పోకుండా, మెయిన్ బోర్డులో ఆ లైనుకు సంబంధించిన ఎంసీబీని దించి, ఆ తరవాత నీళ్లు తుడిచి, అప్పుడు ప్లగ్గు పీకాలి. గోడ మీది స్విచ్ ఆపితే చాలదా అని చాలామంది అడుగుతారు. పాత ఇళ్లలో వైరింగ్ తారుమారై స్విచ్ న్యూట్రల్ వైరు మీద ఉండే అవకాశం ఉంది కనుక చాలదు. అలాంటి చోట స్విచ్ ఆపినా మెషీన్ లోపల కరెంటు ఉంటుంది. ఎంసీబీ షార్ట్ సర్క్యూట్ నుంచి, అధిక లోడు నుంచి వైరును కాపాడుతుందే తప్ప మనిషిని షాకు నుంచి కాపాడదు. ఆ పని చేసేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు దారి తప్పి లీకైతే వెంటనే లైనును ఆపేసే స్విచ్. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించడం వాడుక. నీళ్లు కారడం మొదలైనప్పటి నుంచి ఆర్‌సీసీబీ పదే పదే పడిపోతుంటే, మోటారు మీదో వైర్ల మీదో నీళ్లు పడుతున్నాయని అర్థం. అలాంటప్పుడు దాన్ని మళ్లీ మళ్లీ ఎత్తి మెషీన్ నడిపించే ప్రయత్నం చేయకూడదు.

సెమీ ఆటోమేటిక్ మెషీన్ వెనక రేకు విప్పేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. మోటార్లకు వైర్లతో కలిపి ఉండే చిన్న డబ్బాలాంటి కెపాసిటర్ ప్లగ్గు పీకిన తరవాత కూడా కొంతసేపు కరెంటును నిలవ ఉంచుకుంటుంది, కాబట్టి దాని కొసలను వేళ్లతో ముట్టుకోకూడదు. వారంటీ ఇంకా ఉన్న మెషీన్‌కు పైపులు, ఫిల్టర్లు మినహా మరేదీ స్వయంగా విప్పకుండా కంపెనీ సర్వీసుకు చెప్పడమే మేలు.

నాలుగు పాత పేపర్లతో పరీక్ష

మెషీన్‌ను గోడ నుంచి జానెడు ముందుకు జరిపి, చుట్టూ, కిందా పొడిగా తుడిచి, అడుగున నాలుగు మూలలకూ నాలుగు పాత న్యూస్‌పేపర్లు పరచాలి. కాగితం మీద మొదటి చుక్క పడిన చోటు నల్లగా మచ్చ కడుతుంది కాబట్టి, గచ్చు మీద కనిపించని తడి కూడా దాని మీద తెలుస్తుంది. తరవాత నాలుగైదు బట్టలు వేసి, అన్నింటికన్నా పొట్టి ప్రోగ్రాము పెట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చోవాలి. నీళ్లు పడే చప్పుడు, డ్రమ్ము తిరిగే చప్పుడు, పంపు మూలుగు, పిండేటప్పటి హోరు వేరువేరుగా వినబడతాయి. ఏ చప్పుడులో ఏ పేపరు తడిసిందో రాసుకుంటే చాలు. అంతసేపు కూర్చునే వీలు లేనివారు ఫోన్‌ను తడి తగలని చోట ఆనించి వీడియో తీయవచ్చు. పరీక్ష జరుగుతున్నంతసేపూ కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి, మెషీన్ ఏ రేకూ విప్పి ఉండకూడదు.

కారిన నీటిని వేళ్ల మధ్య రాసి చూడడం ఇంకో పరీక్ష. జారుడుగా, సబ్బు వాసనతో ఉంటే అది టబ్బులోంచి వచ్చిన నీరు, అంటే లోపం తలుపు రబ్బరులోనో, టబ్బులోనో, పంపులోనో, మురికి నీళ్ల పైపులోనో ఉంది. మామూలు కుళాయి నీళ్లలాగే ఉంటే అది ఇంకా టబ్బులోకి చేరని నీరు, అంటే లోపం నీళ్లు తెచ్చే పైపులోనో, ఆ నీటిని మెషీన్ లోపలికి వదిలి ఆపే కరెంటు వాల్వులోనో ఉంది. అప్పటికీ అనుమానం తీరకపోతే బట్టలు తీసేసి, ఖాళీ టబ్బులో తెల్లబట్టలకు పెట్టే నీలిమందు అయిదారు చుక్కలు వేసి ఒకసారి తిప్పితే, పేపరు మీద పడిన మచ్చ నీలంగా ఉందో లేదో చూసి తేల్చుకోవచ్చు.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో మరో సాక్ష్యం దొరుకుతుంది. ఉప్పు శాతం ఎక్కువగా ఉన్న నీరు కారి ఆరిన చోటల్లా తెల్లటి గార మిగిలిపోతుంది. టార్చిలైటు వేసి మెషీన్ వెనక భాగాన్ని, పైపుల కొసలను, టబ్బు అడుగును చూస్తే, ఎన్నాళ్లుగానో కారుతున్న దారి సుద్దముక్కతో గీసినట్టు కనబడుతుంది. ఆ గీత పైకి ఎక్కడ ముగుస్తుందో అక్కడే లీకు మొదలైంది.

ఆపి ఉన్నప్పుడు, నింపుకునేటప్పుడు

మెషీన్ నడవకపోయినా నీళ్లు చేరుతున్నాయంటే కుళాయికీ మెషీన్‌కూ మధ్య ఉన్న పైపును చూడాలి. దానికి రెండు కొసలు, రెండింటి మీదా అనుమానం పెట్టుకోవలసిందే. కుళాయి వైపు చాలా ఇళ్లలో నాలుగు స్క్రూల అడాప్టరు ఉంటుంది. మామూలు అర అంగుళం కుళాయి మూతికి దీన్ని తొడిగి స్క్రూలతో బిగిస్తారు. ఒక స్క్రూ ఎక్కువగా, ఒకటి తక్కువగా బిగిస్తే లోపలి రబ్బరు పక్కకు ఒరిగి ధారగా చిమ్ముతుంది. నాలుగింటినీ వదులు చేసి, అడాప్టరును నిటారుగా పట్టుకుని, ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. నన్నడిగితే ఈ అడాప్టరును వదిలించుకుని, వాషింగ్ మెషీన్ కోసమే మరలతో వచ్చే కుళాయిని ప్లంబరు చేత పెట్టించుకోవడమే శాశ్వత పరిష్కారం.

మెషీన్ వైపు 3/4 అంగుళం ప్లాస్టిక్ నట్టు ఉంటుంది. దాని లోపల ఉన్న రబ్బరు వాషరే నీటిని ఆపుతుంది, మరలు దాన్ని నొక్కి పట్టుకోవడానికి మాత్రమే. ఇది తెలియక మరల మీద టెఫ్లాన్ టేపు పొరలు పొరలుగా చుట్టి, నట్టు వాషరు దాకా చేరకుండా మనమే అడ్డుపడుతుంటాము. కుళాయి కట్టి, నట్టు విప్పి, వాషరును గోటితో నొక్కి చూడాలి. అది ఎండిన చింతపిక్కలా గట్టిగా ఉన్నా, అంచు పగిలినా కొత్తది వేయాలి. ప్లంబింగ్ సామాన్ల కొట్టులో పాతది చూపించి అదే సైజు అడగడం మంచిది. చేత్తో బిగుసుకున్నంత బిగించి, ఆ పైన పావు చుట్టు చాలు. పానా పెట్టి బలంగా తిప్పితే లోపలి ప్లాస్టిక్ వాల్వు మూతి చిట్లుతుంది, అప్పుడు వాషరుతో పోయేది వాల్వు దాకా వస్తుంది.

నట్టు విప్పినప్పుడే వాల్వు మూతిలో ఉన్న చిన్న జల్లెడను నోస్ ప్లయరుతో మెల్లగా లాగి, పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. వేసవిలో ట్యాంకరు నీళ్ల మీద ఆధారపడే ఇళ్లలో అది సన్నటి ఇసుకతో నిండిపోతుంది. జల్లెడ చిరిగి ఉంటే ఆ ఇసుక వాల్వులోకి పోయి, వాల్వు పూర్తిగా మూసుకోకుండా అడ్డుపడుతుంది. రాత్రి ఖాళీగా వదిలిన డ్రమ్ములో పొద్దున్నే నీళ్లు కనిపించడానికి సాధారణ కారణం ఇదే.

పైపు నడుమ ఎక్కడైనా ఉబ్బినా, పగుళ్లు కనిపించినా అతుకులు వేయకుండా కొత్తది కొనాలి. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు దాదాపు ఒక బార్ ఒత్తిడి కలిగిస్తుంది, అంటే అయిదంతస్తుల భవనం పైన ట్యాంకు ఉంటే కింది అంతస్తులోని పైపు మీద ఒకటిన్నర బార్ దాకా ఒత్తిడి, కుళాయి తెరిచి ఉన్నంతసేపూ, రాత్రీ పగలూ ఉంటుంది. ఎలక్ట్రికల్ టేపు దానికి ఆగదు. ఉతుకు అయిపోయాక కుళాయి కట్టేసే అలవాటు ఉన్న ఇంట్లో ఈ పైపులు చాలా ఎక్కువ కాలం మన్నుతాయి, ఊరెళ్లినప్పుడు కింది ఫ్లాటు వారి సీలింగు తడిసే గొడవా ఉండదు.

నీళ్లు నిండుతున్నప్పుడు ముందువైపు పైన, పౌడరు వేసే సొరుగు దగ్గర తడి కనిపిస్తే, సొరుగును పూర్తిగా బయటికి లాగాలి. చాలా మోడళ్లలో మధ్యలో ఉన్న చిన్న నొక్కుడు మీటను అదిమితే అది వచ్చేస్తుంది. సొరుగు అరలో గడ్డకట్టిన పౌడరు, పై కప్పున నీళ్లు పడే చిల్లుల్లో పేరుకున్న గార, ఈ రెండే చాలాసార్లు నీటిని దారి తప్పించి బయటికి చిమ్మిస్తాయి. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి బ్రష్‌తో తోమితే పౌడరు పోతుంది, గారకు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు బాగా పనిచేస్తాయి. నిమ్మ ఉప్పును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ బ్లీచింగ్ ద్రావణంతో కలపకూడదు, విషవాయువు వెలువడుతుంది.

నీళ్లు ఆగకుండా నిండిపోయి పొర్లుతున్నట్టయితే ఒక తేలిక పరీక్ష ఉంది. నిండుతుండగానే, గచ్చు మీదికి పొర్లకముందే, పొడి చేత్తో, ప్లగ్గు పీకేయాలి. కరెంటు పోయినా నీళ్లు పడుతూనే ఉంటే వాల్వు లోపల ఏదో ఇరుక్కుంది లేదా దాని పొర పాడైంది, కాబట్టి వాల్వు మార్చాలి. ప్లగ్గు పీకగానే నీళ్లు ఆగిపోతే వాల్వు బాగానే ఉంది, మెషీన్‌కు నిండిన సంగతి తెలియడం లేదు. టబ్బు నుంచి నీటి మట్టం కొలిచే సెన్సరుకు పెన్సిలంత సన్నటి గొట్టం ఒకటి వెళుతుంది. అది ఊడినా, పగిలినా, దాని కింది కొస సబ్బు జిడ్డుతో మూసుకుపోయినా ఇలాగే జరుగుతుంది. గొట్టం సరిచేసినా తీరు మారకపోతే సెన్సరో బోర్డో చూడాలి, అది మెకానిక్ పని.

ఉతికేటప్పుడు

ఈ దశలో కారే నీళ్లకు అన్నిటికన్నా చవకైన కారణం నురుగు. చేత్తో ఉతకడానికి అమ్మే పౌడరు బాగా నురగ రావాలనే తయారుచేస్తారు. దాన్ని ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో వేస్తే నురుగు పైకి ఎగదన్ని సొరుగు లోంచి, గాలి గొట్టం లోంచి బయటపడుతుంది. ఆరిన తరవాత మెషీన్ ముఖం మీద తెల్లటి చారలు మిగిలి, చేత్తో రుద్దితే సబ్బు పొడిలా రాలిపోతాయి. గార అలా రాలదు. వేసే పౌడరు మారకపోయినా ఒక్కోసారి ఈ సమస్య కొత్తగా మొదలవుతుంది. ఉప్పు నీళ్లలో నురుగు తక్కువ, మంచినీళ్లలో ఎక్కువ కాబట్టి, బోరు నీళ్ల ఇంటి నుంచి కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇంటికి మారినవారు అలవాటు కొద్దీ అంతే పౌడరు వేస్తే పొంగిపోతుంది. బట్టలు లేకుండా, పౌడరు లేకుండా రెండు మూడు సార్లు జాడింపు నడిపి, ఆ తరవాత నుంచి మోతాదు సగానికి తగ్గించి చూడాలి.

నురుగు కాదని తేలితే, ఫ్రంట్ లోడ్‌లో తలుపు చుట్టూ ఉండే బూడిద రంగు రబ్బరు దగ్గరికి రావాలి. మెకానిక్‌లు దీన్ని డోర్ గ్యాస్కెట్ అంటారు. ముందు తలుపు అద్దం అంచును, అది ఆనుకునే రబ్బరు పెదవిని తడిగుడ్డతో తుడిచి చూడాలి. అక్కడ అంటుకున్న ఒక్క దారప్పోగు, ఒక తల వెంట్రుకల ముడి చాలు సన్నటి ధార కారడానికి. తరవాత రబ్బరు మడతను వేళ్లతో విప్పుకుంటూ గడియారం చుట్టినట్టు చుట్టూ తడిమి రావాలి. కింద, గడియారంలో ఆరు ఉండే చోట రెండు మూడు చిన్న చిల్లులు ఉంటాయి. అవి నీళ్లు తిరిగి టబ్బులోకి పోవడానికి పెట్టినవే, చిరుగులు అనుకోవద్దు. అవి మూసుకుపోతే మడతలో నీళ్లు నిలిచి, నల్లగా బూజు పట్టి, తలుపు తీసినప్పుడల్లా కాళ్ల మీద పడతాయి.

అసలు చిరుగు చాలాసార్లు నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య, మడత లోపలి అంచున ఉంటుంది. కంటికి కనబడదు, వేలి కొసకు బ్లేడుతో గీసినట్టు తగులుతుంది. మా పక్కింటి వారి మెషీన్‌లో ఆ చిరుగు పక్కనే, రబ్బరులో సగం దిగబడి, తుప్పు పట్టిన పిన్నీసు ఒకటి దొరికింది. చీర కొంగుకు పెట్టుకున్నది తీయకుండా వేసినట్టున్నారు. జాకెట్ల హుక్కులు, జేబులో మరచిన మేకులు, రూపాయి బిళ్లలు కూడా ఇదే పని చేస్తాయి. హుక్కులున్న బట్టలను వల సంచిలో వేసి ఉతకడం ఇందుకే.

చిరిగిన గ్యాస్కెట్‌కు సైకిల్ ట్యూబు అతుకు వేసినట్టు వేస్తే కొన్ని ఉతుకులకు మించి నిలవదు, ఎందుకంటే ఆ రబ్బరు డ్రమ్ము ఊగినప్పుడల్లా మడతపడుతూ ఉంటుంది, పైగా వేడి నీళ్లు, సబ్బు తగులుతాయి. చిరుగు పైకి వచ్చేలా రబ్బరును సగం తిప్పి బిగించే చిట్కా కూడా వింటుంటాము. అలా చేస్తే కింద ఉండవలసిన చిల్లులు పైకి పోయి, మడతలో నీళ్లు నిలిచిపోతాయి. కొత్త రబ్బరు రావడానికి ఆలస్యమైతే నాలుగు రోజులు గడుపుకోవడానికి మించి దానికి విలువ లేదు. మెషీన్ వెనకనో తలుపు లోపలో అంటించిన చీటీ మీది మోడల్ నంబరు పూర్తిగా చెప్పి గ్యాస్కెట్ తెప్పించాలి. కొలతలో ఒక్క సెంటీమీటరు తేడా ఉన్నా అది కూర్చోదు.

మార్చే పని ఓపిక ఉన్నవారు ఇంట్లో చేసుకోదగ్గదే, కానీ తొందర పనికిరాదు. ప్లగ్గు పీకి, కుళాయి కట్టి, పాత రబ్బరు ఎలా కూర్చుందో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోవాలి. బయటి అంచు చుట్టూ సన్నటి తీగ ఉంటుంది, కింది భాగంలో దానికి చిన్న స్ప్రింగు. చదును స్క్రూడ్రైవరుతో ఆ స్ప్రింగు దగ్గర లేపితే తీగ మొత్తం వచ్చేస్తుంది. అప్పుడు రబ్బరు బయటి అంచును ముందు రేకు నుంచి ఒలిచి లోపలికి మడవాలి. లోపలి అంచును టబ్బు మూతికి పట్టి ఉంచే పట్టీ వేరే ఉంటుంది. కొన్ని మోడళ్లలో చేయి పెట్టి దాన్ని అందుకోవచ్చు, ఎక్కువ మోడళ్లలో పై మూత, ముందు రేకు విప్పితే తప్ప అందదు. రేకు విప్పేటప్పుడు తలుపు తాళానికి వెళ్లే వైర్లు లాగబడకుండా కనెక్టరు తీసి పక్కన పెట్టాలి.

పాతది తీసిన తరవాత టబ్బు మూతి మీద పేరుకున్న జిడ్డును, గారను గుడ్డతో పూర్తిగా తుడవాలి. ఈ తుడుపు సరిగా లేకపోతే కొత్త రబ్బరు వేసినా కారుతుంది. కొత్త గ్యాస్కెట్ మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, అది టబ్బు పైభాగాన ఉన్న గుర్తుకు ఎదురుగా రావాలి, చిల్లులు సరిగ్గా అడుగుకు రావాలి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క అంచుకు రాస్తే రబ్బరు సులువుగా జారి గాడిలో కూర్చుంటుంది. చుట్టూ వేలితో నొక్కి చూసుకున్నాకే లోపలి పట్టీ, ఆ తరవాత బయటి అంచు, చివరగా స్ప్రింగు తీగ బిగించాలి. తీగను పైనుంచి మొదలుపెట్టి రెండు చేతులతో రెండు వైపులా దించుకుంటూ వచ్చి, కింద స్ప్రింగును లాగి తొడగాలి. ఈ ఆఖరి అంగుళం దగ్గరే అందరికీ చెమట పడుతుంది, అక్కడ ఇంకో మనిషి సాయం ఉంటే పని నిమిషంలో అయిపోతుంది.

నీళ్లు వదిలేటప్పుడు

ఫ్రంట్ లోడ్‌లోనూ కొన్ని టాప్ లోడ్‌లలోనూ పంపు నీటిని పైకి తోస్తుంది. ఫ్రంట్ లోడ్ ముందువైపు కింద మూలన చిన్న తలుపు వెనక పంపు ఫిల్టరు ఉంటుంది. అక్కడ తడి ఉంటే ఫిల్టరు సరిగా బిగియలేదని లేదా దాని చుట్టూ ఉండే రబ్బరు రింగు మీద వెంట్రుక పడిందని అనుకోవాలి. విప్పే ముందు లోపలి నీళ్లు చల్లారాయో లేదో చూసి, పాత తువ్వాలు, పళ్లెం పెట్టుకుని, పక్కన చిన్న గొట్టం ఉంటే దాని బిరడా తీసి నీళ్లు దించేయాలి. ఆ తరవాత ఫిల్టరును ఎడమకు నెమ్మదిగా తిప్పాలి. దూది పీచు, బొత్తాలు, చిల్లర డబ్బులు తీసేసి, రింగు తుడిచి, తిరిగి పెట్టేటప్పుడు మర తిన్నగా ఎక్కిందో లేదో చూడాలి. వంకరగా ఎక్కిన ఫిల్టరు చేతికి బిగువుగా తగిలినా నీళ్లు కారుతూనే ఉంటుంది.

మురికి నీళ్ల పైపును మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడిమి చూడాలి. ఇందులో నీటి ఒత్తిడి తక్కువ కనుక, కొస దగ్గరే చిల్లు పడితే ఆ మేరకు కోసేసి వాడుకోవచ్చు, నడుమ పడితే మార్చడమే. అడుగు తెరిచి ఉన్న మెషీన్లకు ఎలుకల జాలీ బిగించుకోకపోతే ఈ పైపుతోనే ఆగదు, తరవాత వంతు వైర్లది.

ఒక్కోసారి తప్పు మెషీన్‌ది కానే కాదు. నీళ్లు పోయే జాలీలో బట్టల పీచు, సబ్బు జిడ్డు పేరుకుంటే పంపు ఒక్కసారిగా వదిలిన నీరు పోలేక వెనక్కి తన్ని మెషీన్ కిందికి చేరుతుంది. ఒక బకెట్ నీళ్లు జాలీలో గబుక్కున గుమ్మరించి చూస్తే తెలిసిపోతుంది.

పైపు కొస ఎంత ఎత్తున ఉండాలన్నది మెషీన్ రకాన్ని బట్టి మారుతుంది, ఇక్కడ పొరబడేవారు ఎక్కువ. పంపు ఉన్న ఫ్రంట్ లోడ్‌కు పైపు వంపు సాధారణంగా గచ్చు నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. నేల మీద పడేస్తే నింపుకున్న నీళ్లు నింపుకున్నట్టే జారిపోతాయి. పంపు లేని టాప్ లోడ్‌లకు, సెమీ ఆటోమేటిక్‌లకు ఇది తలకిందులు, పైపు నేలబారుగానే ఉండాలి, ఎత్తి కడితే నీళ్లు పోవు.

పంపు లేని మెషీన్లలో నీళ్లు వదలకముందే పైపులోంచి సన్నగా పోతూ ఉంటే డ్రెయిన్ వాల్వు రబ్బరు కింద ఏదో అడ్డుపడిందని అర్థం. సెమీ ఆటోమేటిక్‌లలో చాలావాటికి ఉతుకు టబ్బు గోడకు ఉన్న పొడవాటి ప్లాస్టిక్ తొడుగును పైకి జరిపి తీస్తే, అడుగున ఆ వాల్వు కనిపిస్తుంది. మూత తిప్పి రబ్బరును, స్ప్రింగును బయటికి తీసి, ఇరుక్కున్న నాణెమో పీచో తీసేసి, రబ్బరు పెదవి చిరగలేదని చూసుకుని అలాగే తిరిగి పెట్టాలి. దాన్ని పైకి లాగే పట్టీ మరీ బిగుతుగా ఉన్నా వాల్వు పూర్తిగా కూర్చోదు.

పిండేటప్పుడు

సెమీ ఆటోమేటిక్‌లో పిండే వైపు అడుగున నీళ్లు కారితే ఎక్కువసార్లు కారణం షాఫ్టు చుట్టూ ఉన్న మడతల రబ్బరు చిరగడమే. ఆ నీళ్లు తిన్నగా కింది మోటారు మీద పడతాయి కనుక దీన్ని వాయిదా వేయకూడదు. బట్టల పైన పెట్టే ప్లాస్టిక్ పళ్లెం పెట్టకుండా తిప్పితే, తేలికపాటి బట్టలు ఎగిరి డబ్బా సందులోకి దిగి ఈ రబ్బరును చుట్టేసుకుంటాయి. ఉతుకు వైపు అడుగున నడిమధ్యలో చుక్కలు పడుతుంటే గేర్ బాక్సు సీలు అరిగిపోయింది.

ఫ్రంట్ లోడ్‌లోనూ టాప్ లోడ్‌లోనూ పిండేటప్పుడు విమానం లేచినట్టు హోరు, టబ్బు వెనకో అడుగునో మధ్య నుంచి తుప్పురంగు చారలు, చేత్తో ఎత్తితే డ్రమ్ము ఊగడం, ఈ మూడూ కలిసి ఉంటే షాఫ్ట్ సీలు, బేరింగులు రెండూ పోయినట్టు. కొన్ని ఫ్రంట్ లోడ్‌లలో టబ్బు రెండు సగాలను అతికించి తయారుచేస్తారు, బేరింగు కోసం టబ్బు మొత్తం మార్చవలసి వస్తుంది. మెషీన్ వయసు, చెప్పిన ధర పక్కపక్కన పెట్టి చూసుకోకుండా ఒప్పుకోవడం తెలివైన పని కాదు. మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు "నీళ్లు కారుతున్నాయి" అని ఊరుకోకుండా, ఏ దశలో, ఏ మూలన, సబ్బు నీళ్లా మంచినీళ్లా అన్నది కూడా చెబితే, అతను తగిన సామానుతో వస్తాడు.

పగిలిన ప్లాస్టిక్ టబ్బుకు ఎపాక్సీ ముద్ద పూయడం గురించి ఒక్క మాట. చాలా టబ్బులు పాలీప్రొపిలీన్‌తో చేస్తారు, ఆ ప్లాస్టిక్ జిగురును పట్టుకోదు. ఆరినప్పుడు గట్టిగా కనిపించిన ముద్ద, పిండేటప్పటి అదురుకు పెచ్చులా ఊడి వస్తుంది.

ఏది బాగుచేసినా పాత పేపర్లు తీసేసి కొత్తవి పరచి, ముందు బట్టలు లేకుండా ఒకసారి, మర్నాడు మామూలు బరువుతో ఒకసారి నడపాలి. ఖాళీగా తిరిగినప్పుడు కారని చోటు బరువు పడినప్పుడు కారవచ్చు. రెండో ఉతుకు తరవాత కూడా నాలుగు పేపర్లూ పొడిగా ఉంటే మెషీన్‌ను గోడ వైపు జరిపి, వెనక పైపులు నలగకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచి, నాలుగు కాళ్లూ గచ్చుకు ఆనాయో లేదో మూలలు నొక్కి చూసుకోవాలి.